పిట్టకు నేను కట్టిన కాషాయం

ఐర్లండ్‌లో మేముండే అత్లోన్‌లో ఒక బడి ఉంది. దాని ముందు నుంచి పోవాల్సి వస్తే ఇప్పటికీ నేను ఊరంతా చుట్టి వెళతాను. ఎందుకో చెబితే నవ్వుతారు. నవ్వండి, ఆ రోజు గదిలో నవ్వనివాణ్ని నేనొక్కణ్నే!

అప్పుడు మా అమ్మాయి నిత్య నాలుగో తరగతి. క్లాసులో ఒక్కొక్కరూ ఒక్కో పక్షి గురించి తల్లిదండ్రుల ఎదుట మాట్లాడాలి. మా పిల్లకి మధ్య అమెరికా అడవుల్లో ఉండే ఓ హమ్మింగ్‌బర్డ్ వచ్చింది. దాని పేరు లాంగ్ బిల్డ్ హెర్మిట్. హెర్మిట్ అంటే సన్యాసి! ఇంకేముంది, నాలో నిద్రపోతున్న ప్రవచనకారుడు లేచి కూర్చున్నాడు.

"నేనూ రెండు ముక్కలు చెబుతా తల్లీ."

"డాడ్, ఐ హావ్ ఇట్ ఆల్ లెర్న్డ్. ప్లీజ్, జస్ట్ సిట్!"

"దాన్ని చెప్పనివ్వండి," అంది నర్సు డ్యూటీ దిగి అట్నుంచటే బడికి వచ్చిన మా ఆవిడ. "అయినా పిట్టల గురించి మీకేం తెలుసండీ?"

మందుల ఫ్యాక్టరీలో ఇంజనీరుని, నాకు తెలియనిదేముంటుంది!

నిత్య చక్కగా మొదలుపెట్టింది. కొడవలిలా వంగిన పొడుగాటి ముక్కు, ఆ వంపుకి అతికినట్టు సరిపోయే అడవి పూలు, తోక చివర తెల్లటి ఈకలు. "ఇక మగపిట్టలేమో..." అంటుండగానే నేను లేచాను.

"పిల్లలూ, ఇది సన్యాసి పక్షి! పెళ్లి లేదు, గోల లేదు. ఏకాంతంలో మౌనంగా తపస్సు చేసుకుంటుంది. దీన్ని చూసి మనం నేర్చుకోవాలి," అని ఇంగ్లీషులో దంచేశాను.

చెరపకురా చెడేవు అన్నారు పెద్దలు. చెప్పకురా చెడేవు అని కూడా అని ఉంటే వాళ్ల సొమ్మేం పోయేది?

టీచరమ్మ చిన్నగా దగ్గింది. "నిత్యా, మగపిట్టల సంగతేదో చెప్పబోయావు?"

నిత్య నావైపు చూడనైనా చూడలేదు. "మగవన్నీ గుంపుగా చేరి, ఎవడి కొమ్మ మీద వాడు కూర్చుని, ఆడపిట్టల కోసం పొద్దస్తమానం ఒకటే కీచుపాట పాడతాయి. ఆకు కింద గూడు కట్టేది అమ్మ ఒక్కతే. పిల్లల్ని మేపేదీ అమ్మ ఒక్కతే. నాన్న మళ్లీ పాటకి వెళ్లిపోతాడు."

గది ఘొల్లుమంది. వెనక వరసలో ఓ ఐరిష్ తాత, "ఫెయిర్ ప్లే టు హిమ్!" అని ఆ మగపిట్టకి శభాష్ చెబుతూ చప్పట్లు కొట్టాడు. నేను తాలింపులో మాడిన ఎండుమిరపకాయలా కూలబడ్డాను.

కారెక్కగానే విరుచుకుపడ్డాను. "దానికి సన్యాసి అని పేరు పెట్టినవాడు కనబడాలి, చెబుతా!"

"పాపం, ఆయన్నేమీ అనకండి," అంది మా ఆవిడ సీటు బెల్టు పెట్టుకుంటూ. "మావాడు వట్టి సన్యాసి, ఏ గోలా పట్టదు అని చెప్పే మీ అమ్మగారు మిమ్మల్ని నాకు కట్టబెట్టారు. ఆదివారమొస్తే ఫ్రెండ్స్‌తో చేరి మీరు చేసే తపస్సేంటో నేను చూట్టంలేదూ?"

వెనక సీట్లో నిత్య కిచకిచా నవ్వింది.

అప్పుడే స్టీరింగ్ మీద చెయ్యేసి ప్రమాణం చేశాను: పేరు చూసి ఈ జన్మలో ఇంకే ప్రాణికీ సన్యాసం ఇవ్వను. మా ఆవిడ వింటుండగా అయితే, వచ్చే జన్మలో కూడా ఇవ్వను.