బడి మానిపించినవాడు

ఇంటి దగ్గరే చదివించడానికి ఇప్పుడు ఒక పేరుంది, దాని మీద వాదించుకునేవాళ్ళూ ఉన్నారు. మేం చేసిన రోజుల్లో ఆ పేరు లేదు. "కూతుర్ని బడి మానిపించాడు" అనేవారు, అంతే. ఆ మాట ఎవరెవరు అన్నారో, ఎక్కడ నిలబడి అన్నారో నాకు గుర్తుంది. వాళ్ళలో కొందరు పోయారు కూడా. అయినా వాళ్ళకి చెప్పాల్సిన జవాబు నా దగ్గర అలాగే ఉండిపోయింది.

నేను అప్పట్లో విశాఖపట్నం పోర్టులో క్రేన్ ఆపరేటర్ని. మా ఆవిడ నర్సు. మాకు ఒక్కతే అమ్మాయి. డెబ్భైల మధ్యలో అది మూడో తరగతి చదువుతుండగా, తేలికైనవి నీళ్ళలో తేలతాయి, ఇనుము మునుగుతుంది అని టీచరు చెప్పిందట. "మా నాన్న సరుకు దింపే ఓడలు ఇనుపవేనండి" అంది మా అమ్మాయి. ఎదురు చెప్పినందుకు రెండు పీరియడ్లు ఎండలో మోకాళ్ళ మీద నిలబెట్టారు. సాయంత్రం మోకాళ్ళకి మా ఆవిడ మందు రాస్తుంటే ఏడవలేదు. "మరి ఓడలు ఎందుకు మునగవు నాన్నా?" అని మాత్రం అడిగింది.

మర్నాడు డ్యూటీకి సెలవు పెట్టి వెళ్ళి హెడ్మాస్టర్ని అడిగాను. ఆయన రిజిస్టరులోంచి తలెత్తకుండానే, "అంత తెలిసినవారు ఇంట్లోనే చెప్పుకోండి" అన్నాడు. క్షమించమని ఒక్క మాట అని ఉంటే ఈ కథ ఉండేది కాదు. సరేనండి అని అమ్మాయిని తీసుకుని వచ్చేశాను. ఆయన వెటకారంగా అన్నాడని నాకు తెలుసు. నేను మాత్రం ఉన్న మాట ఉన్నట్టే తీసుకున్నాను.

నాది షిఫ్టు డ్యూటీ, మా ఆవిడదీ అంతే. నాకు మధ్యాహ్నం డ్యూటీ ఉన్న వారం పొద్దుట పాఠం నేను చెప్పేవాణ్ణి. పొద్దుటి డ్యూటీ వారం సాయంత్రం చెప్పేవాణ్ణి. సైన్సు మా ఆవిడ చెప్పేది. పాత పుస్తకాల కొట్లో అట్ట ఊడిన అట్లాసు, ఒక నిఘంటువు, పై తరగతుల పుస్తకాలు కొన్నాను. ఇంట్లో ఒకటే నియమం. తెలియకపోతే తెలిసినట్టు నటించకూడదు, లేచి వెళ్ళి పుస్తకంలో చూసుకోవాలి. నా చదువు ఇంటర్ దగ్గర ఆగిపోయింది. నేను కూడా దాని ముందే లేచి వెళ్ళి చూసుకునేవాణ్ణి.

మేమున్న పోర్టు క్వార్టర్లలో పై వాటా ఆవిడ కుళాయి దగ్గర మా ఆవిణ్ణి అడిగింది: "పిల్లకి ఏటైనా జబ్బా తల్లీ? దాసకండి, మా ఊళ్ళో మంచి మందిస్తారు."

మా ఆవిడ అన్నకి ఎలమంచిలిలో వ్యాపారం. వచ్చినప్పుడల్లా గుమ్మంలోనే మొదలుపెట్టేవాడు.

"ఏటి బావా, పిల్లని ఇంట్లో కూకోబెట్టీసి ఏటి సేత్తన్నావ్? పొదిగిత్తన్నావా?"

"చదివిస్తున్నాను బావా."

"నువ్వా? క్రేను మీదెక్కినోడల్లా పంతులైపోతే, పంతుల్లు ఏటెక్కుతారు?"

అందరూ నవ్వారు. మా ఆవిడ కూడా నవ్వింది. అదీ గుర్తుంది నాకు.

తర్వాత గొంతు తగ్గించి అతను అన్నది వేరు. "నలుగుర్లో మెసలడం తెలీదు బావా దానికి. రేపొద్దున్న బయటికెళ్తే తడబడిపోద్ది." ఆ మాట చాలామంది అన్నారు. మా అమ్మాయి ఆదివారం చర్చిలో ముప్పైమంది పిల్లలతో కలిసి పాడేది. ఫిషింగ్ హార్బర్లో నా కంటే బాగా బేరమాడేది. మా ఆవిడతో ఆస్పత్రికి వెళ్ళి పేషెంట్లకి ఉత్తరాలు రాసి పెట్టేది. ఇంకా ఏ నలుగురు కావాలో నాకు తెలియలేదు. తరగతిలో నలభైమంది మాట్లాడకుండా కూర్చోవడాన్ని మెసలడం అంటే నేను ఒప్పుకోను.

పదో తరగతి ప్రైవేటుగా కట్టిద్దామని నా ఆలోచన. అది సాగలేదు. ఆస్పత్రి ల్యాబులో ఎవరో దానికి మైక్రోస్కోపులో రక్తపు బొట్టు చూపించారు. ఇంటికొచ్చి అన్నం దగ్గర చెప్పింది: "నాన్నా, ఎనిమిదో తరగతి నుంచి బళ్ళో మైక్రోస్కోపు ఉంటదంట. నాను బడికెళ్తాను." రెండు రోజులు మామూలుగానే పాఠాలు చెప్పాను. మూడోరోజు అప్లికేషను తెచ్చాను.

అది ఆడపిల్లల హైస్కూలు. పేరు చెప్పను. హెడ్మిస్ట్రెస్ మర్యాదగానే మాట్లాడింది. సర్టిఫికెట్లు లేవు కాబట్టి పరీక్ష పెడతాం, రాయగలిగితే ఎనిమిది, లేకపోతే ఆరులో కూర్చోవాలి అంది. ఆరులో కూర్చుంటే మా అమ్మాయి మిగతా పిల్లల కంటే జానెడు పొడుగుంటుంది. మైక్రోస్కోపు ఇంకో రెండేళ్ళు ఆగాలి. అయిదేళ్ళూ నేను చెప్పింది చదువు కాదని ఊరంతటికీ తేలిపోతుంది. మూడోది నా బాధ. మొదటి రెండూ దానివి.

ఆఫీసు గదిలో బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఒక టీచరు కాపలా. నేను వరండాలో కిటికీ పక్కన ఉన్నాను. గంటసేపు తల వంచుకుని రాసింది. తర్వాత లేచింది. గోడవారనున్న బీరువా దగ్గరకి వెళ్ళి, అద్దం తలుపు తీసి, అట్లాసు బయటికి లాగింది. నిలబడే పేజీలు తిప్పింది, వేలుపెట్టి చూసుకుంది, పుస్తకం మళ్ళీ ఉన్నచోటే పెట్టి, తలుపు వేసి, వచ్చి కూర్చుని రాయడం మొదలుపెట్టింది. ఆ టీచరు నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది.

ఏం జరిగిందో నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. అయిదేళ్ళలో నేను దానికి పరీక్ష అంటే ఏమిటో చెప్పలేదు.

"మీ అమ్మాయి మా కళ్ళముందే కాపీ కొట్టిందండి" అంది హెడ్మిస్ట్రెస్.

"కాపీ అయితే దాచుకుని కొడుతుంది కదండీ."

"దాచుకోకుండా కొడితే పుణ్యమా?"

"తెలీలేదండి, అందుకే చూసాను" అంది మా అమ్మాయి. గొంతులో తప్పు చేసినట్టే లేదు. టీచరు పక్కకి తిరిగి నవ్వు ఆపుకుంది. ఆ నవ్వు కూడా నేను చూశాను.

పద, వెళ్దాం అన్నాను. తెలియనిది తెలుసుకుంటే తప్పన్న చోట మనకి పనేమిటి అన్నాను. ఇంకా ఏవో అన్నాను, హెడ్మిస్ట్రెసూ అంది. మా అమ్మాయి మా ఇద్దరి మొహాలూ చూసి, ఆవిడ వైపు తిరిగి, "లేవకుండా రాయాలాండి? అయితే రేపు ఎన్నింటికి రమ్మంటారండి?" అని అడిగింది. ఆవిడ తొమ్మిదింటికి రమ్మంది.

ఆ సాయంత్రం ప్రశ్నలు రాసిచ్చి లేవొద్దన్నాను. అలవాటుకొద్దీ రెండుసార్లు లేచింది. "కాళ్ళు కట్టీమంటావా?" అంది మా ఆవిడ బియ్యం ఏరుకుంటూ. మూడోసారి లేవబోయి, ఆగి, కుర్చీ అంచు పట్టుకుని కూర్చుంది. అలా దాన్ని కూర్చోబెట్టింది నేనే. అది నాకు నచ్చలేదు.

మర్నాడు కొత్త ప్రశ్నలిచ్చారు. లేవలేదు. రెండు ప్రశ్నలకి జవాబు ఖాళీగా వదిలేసింది. అంతకుముందు అది ఏదీ ఖాళీగా వదిలిన పిల్ల కాదు. మధ్యాహ్నానికి ఫలితం చెప్పారు, ఎనిమిదో తరగతి. హెడ్మిస్ట్రెస్ లెక్కలు చాలా బాగున్నాయంది. ఎవరు చెప్పారని అడగలేదు.

"నాను సెప్పలేదేటి, సివరికి బడికే రావాలని" అన్నాడు బావ. అయిదేళ్ళు ఇంట్లో చదివి ఎనిమిదిలో చేరితే అది బడి గొప్పతనం అయింది. ఆరులో కూర్చోబెట్టి ఉంటే మాత్రం నా తప్పయ్యేది. ఈ లెక్క నేనతనికి మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ పకోడీ బాగుందన్నాడు.

బళ్ళు తెరిచిన రోజు గుమాస్తా అడ్మిషను ఫారం ఇచ్చాడు. గత సంవత్సరం చదివిన పాఠశాల అని ఒక గడి ఉంది. నేను మా క్వార్టరు నంబరు రాయబోయాను.

"అలా కుదరదు. లేదు అని రాయండి" అన్నాడు.

"అయిదేళ్ళు చదివిందండి."

"బళ్ళో కాదు కదా. లేదు అని రాయండి."

రాయనన్నాను. నా వెనక పదిహేను మంది తల్లిదండ్రులు. ఎవరో "ఏటండీ, తెమల్చండి" అన్నారు. హెడ్మిస్ట్రెస్‌ని పిలవమన్నాను, ప్రార్థన దగ్గరుందన్నాడు. వచ్చేదాకా ఇక్కడే ఉంటానన్నాను. బెల్లు కొట్టారు. పిల్లలు వరసల్లో మేడ మెట్లెక్కడం మొదలుపెట్టారు. మా అమ్మాయి వాళ్ళని చూసింది, నన్ను చూసింది.

"నాన్నా, రాసీ. అందరూ వెళ్ళిపోతన్నారు."

లేదు అని రాశాను. నా చేత్తోనే, ఆ గడిలో. కింద సంతకం పెట్టి తలెత్తేసరికి అది వరసలో చివర చేరి సగం మెట్లెక్కేసింది.