పత్తిచేనులో రెండు పులులు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, పత్తి ఏరే కాలంలో, నన్ను ఆదిలాబాద్ జిల్లాలో పెన్‌గంగకు ఇవతలి ఒడ్డునున్న ఒక సెక్షన్‌కు వేశారు. అటవీశాఖలో సెక్షన్ ఆఫీసరంటే బీట్ ఆఫీసర్లకు పైన, రేంజ్ ఆఫీసరుకు కింద. అడవిలో ఏం జరిగినా పైవాడు అడిగేదీ, కిందివాడు వేలెత్తి చూపేదీ ఇతన్నే. మాది చొప్పదండి. పులి కథలు చెప్పడంలో నాకు కొంత పేరుంది. నా పులికి ఏటా ఒక జానెడు తోక పెరుగుతుందని మా ఆవిడ అంటుంది. ఇక్కడ చెప్పబోయేదానికి మాత్రం నేనేమీ అతికించలేదు. అతికించే అవసరం రాలేదు.

నేను చేరిన కొద్దిరోజులకే ఒక ఫోటో ఆ చుట్టుపక్కల ఫోన్లన్నీ తిరిగింది. అంజనాబాయి అనే రైతు చేనులో, విచ్చిన పత్తి నడుమ, పెద్దపులి కూర్చుని ఉంది. మర్నాటి నుంచి కూలీలు రావడం మానేశారు. అంజనాబాయి భర్త మస్కట్‌కు కూలిపనికి పోయాడు. వ్యవసాయమంతా ఆమే చూసుకుంటుంది. ఆమె నేరుగా మా ఆఫీసుకే వచ్చింది.

"సార్, గీ ఫోటో నిజమో అబద్ధమో మీరే తేల్చుండ్రి. మొగులు జూస్తుండ్రు గదా? ఒక్క వాన పడ్డదంటే పత్తంత నల్లవడ్తది. ఏడాది కష్టం సార్."

విచారించి రిపోర్టు పంపమని రేంజ్ ఆఫీసరు చెప్పారు. ఫోటోలు దిద్దే యాప్ ఒకటి నా ఫోన్‌లో ఉండేది. అందులో ఫోటో తెరిచి, నీడల్ని తేటపరిచే స్లైడర్ జరిపాను. మోసం బయటపడింది. మొక్కల నీడలు ఒక పక్కకు పడుతున్నాయి, పులికి అసలు నీడే లేదు. పత్తిచేనులో కూర్చున్న పులికి ఆకులు అడ్డొచ్చి కాళ్లు దాగాలి. దీనికి నాలుగు పాదాలూ గోళ్లతో సహా కనిపిస్తున్నాయి. ఎక్కడో బండమీద కూర్చున్న పులిని కత్తిరించి చేనులో పెట్టారు.

ఫోటో మొదట ఎవరి ఫోన్ నుంచి వచ్చిందని ఆరా తీస్తే, పెట్టినవాడు అంజనాబాయి సొంత మరిది మారుతి అని తేలింది. పంచాయతీ ఆఫీసు ముందర అందరిలో నిలదీస్తే ఒప్పుకున్నాడు.

"పులిని జూసిన సార్. వాఘోబా తోడు! ఫోన్ల తీస్తే పసుపుగ ఓ మరక వచ్చింది. గది జూపిస్తే కుక్క అంటరు, గడ్డి అంటరు. ఎవ్వలు నమ్మరని నెట్ల మంచి పులిని జూసి పెట్టిన."

ఆ ప్రాంతంలో పులిని వాఘోబా అని దేవుడిగా కొలుస్తారు. దాని మీద ఒట్టు వేసినా ఎవరూ వినలేదు.

"ఓ మారుతీ, రేపు సింహాన్ని పెట్టు, ఎల్లుండి ఏనుగును పెట్టు!" అని ఒక కూలామె నవ్వింది.

"నీ ఎడిటింగ్‌ల మన్నువడ! ఇంటోనివే పంట ముంచినవ్ గదరా," అని వదిన తిట్టింది.

ఫోన్‌లో వచ్చే ప్రతి బొమ్మనూ నమ్మొద్దని నేను పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. జనం నవ్వుతుంటే నాకు ఊపొచ్చి, చొప్పదండి పొలిమేరలో పులికి దారి చూపి సాగనంపిన నా పాత కథ కూడా వినిపించాను. అయినా కూలీలు షరతు పెట్టారు. పొద్దున ముందుగా నేను చేనుకు పోయి చూడాలి, ఏమీ లేదని ఫోన్ చేస్తేనే వాళ్లు బండి కడతారు.

మా ట్రాప్ కెమెరాలు, అంటే ముందర ఏదైనా కదిలితే వాటంతటవే ఫోటో తీసేవి, అప్పుడు వేరే రేంజ్‌లో ఉన్నాయి. ఆఫీసు డిజిటల్ కెమెరా ఒకటి ఉంది. దానికి సంబంధించిన యాప్‌ను ఫోన్‌లో వేసుకుంటే కెమెరా తన వైఫైతో ఫోన్‌కు కలుస్తుంది. లెన్స్ చూసేదంతా ఫోన్ తెరమీద కనిపిస్తుంది, వేలితో నొక్కితే అక్కడ ఫోటో పడుతుంది, దాని నకలు ఫోన్‌కూ వస్తుంది. ఆ వైఫై ఎంత దూరం అందుతుందో డబ్బా మీద రాసింది వేరు, చేనులో జరిగేది వేరు. నడుమ నాలుగు మొక్కలు అడ్డొస్తే చాలు, తెగిపోతుంది.

మర్నాడు పొద్దు పొడవక ముందే మారుతిని తోడు తీసుకుని వెళ్లాను. మంచు దట్టంగా ఉంది. వాగువైపు గట్టుమీద గుంజకు కెమెరా కట్టి, మంచె ఎక్కాను. సిగ్నల్ అందలేదు. దిగాల్సి వచ్చింది. చివరికి కెమెరా కంటికి ఆనేంత దగ్గర్లో, గట్టు చాటున నేలమీద కూర్చుంటేగానీ తెరమీద బొమ్మ నిలవలేదు.

చాలాసేపు తెల్లటి మంచు, తెల్లటి పత్తి. అందులో ఒకచోట రంగు వేరుగా ఉంది. ఎండిన మొక్కనుకున్నాను. ఆ ఎండిన మొక్కకు చెవి కదిలింది.

మారుతి నా మోచేయి పట్టుకున్నాడు. నేను వేలితో నొక్కాను. ఫోటో పడింది. పులి తలెత్తి లెన్స్‌లోకి చూసింది, అంటే నా అరచేతిలోంచి నన్నే చూసింది. లేచింది. చారలు తెరంతా నిండాయి. తర్వాత మళ్లీ మంచూ పత్తీ.

ఈ యాప్‌లలో బొమ్మ ఒక రెప్పపాటు ఆలస్యంగా వస్తుంది. నేను చూసేటప్పటికే అది జరిగిపోయి ఉంటుంది. పులి తెరలో ఉన్నంతసేపూ ఎక్కడుందో తెలుసు. ఇప్పుడు తెలియదు.

అప్పుడు బాట వైపు నుంచి ఆడవాళ్ల మాటలు వినిపించాయి. మబ్బు చూసి ఆగలేక, నా ఫోన్ రాకముందే అంజనాబాయి కూలీలను బండెక్కించుకుని వచ్చేస్తోంది.

ఫోన్ చేశాను. "రావద్దు," అని గుసగుసగా అన్నాను.

"ఏమంటుండ్రు? జర గట్టిగ చెప్పుండ్రి సార్!"

"పులి."

అవతల నవ్వు. "నిన్నటి కత ఇంక ఒడవలేదా సార్?"

ఫోటో పంపాలి. దానికొక చిక్కుంది. ఫోన్ కెమెరా వైఫైలో ఉన్నంతసేపు ఇంటర్నెట్ ఉండదు. ఫోటో పంపాలంటే కెమెరాను వదులుకోవాలి. పులి మళ్లీ తెరలోకి వస్తే చూడడానికి నాకున్న ఒకే ఒక కన్ను అది. వైఫై ఆపేశాను. తెర నల్లబడింది. ఫోటో పంపి మళ్లీ ఫోన్ చేశాను.

"జూసిన సార్. నిన్న మీరే గదా చెప్పిండ్రు ఫోటోలు నమ్మద్దని," అందామె.

మారుతి నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు. "వదినా, నన్ను నమ్మకు, సారును నమ్మకు. ఎడ్లను జూడు. ఎడ్లు నడుస్తున్నయా?"

ఫోన్‌లో మెడగంటలు అడ్డదిడ్డంగా మోగాయి, ఎడ్లు బుసకొట్టిన చప్పుడు వచ్చింది. అంజనాబాయి గొంతు మారిపోయింది. "అడుగు వేస్తలేవురా. కాడి ఇడిపించుకుంటున్నయ్... ఏ, ఎవ్వలు దిగకుండ్రే! బండి మలుపుండ్రి!"

బండి చప్పుడు దూరమైంది. మేము మాత్రం కదల్లేదు. ఎండ వచ్చి మంచు విడిచాక లేచి చూస్తే, రాత్రి మంచుకు తడిసిన గట్టు మీద అడుగుజాడలు కెమెరాను దాటి, మేము కూర్చున్న చోటికి వెనకగా పోయి, తుమ్మచెట్ల వైపు తిరిగి ఉన్నాయి. ఎంత వెనకగా అన్నది చెప్పను. నేను చెప్పిన కొలతను జనం ఎలాగూ సగానికి కోసుకుంటారు.

రేంజ్ ఆఫీసరుకు రెండు ఫోటోలూ పంపి, మొదటిది కల్పితం, పులి వాస్తవం అని రాశాను. శాఖ తరఫున తల వెనక తొడిగే మనిషి ముఖం మాస్కులు ఇచ్చాం. పులి వెనక నుంచి వస్తుందని, ముఖం కనబడితే వెనకాడుతుందని వాటి లెక్క. ఎండ బాగా ఎక్కాక, అందరూ ఒకే వరుసలో, డప్పు మోగిస్తూ ఏరాలని నియమం పెట్టాం. పని సగం వేగంతో సాగింది. వాగువైపు పత్తి ఏరకముందే వాన పడింది, అంత మేర నల్లబడింది. మనుషులకు ఏమీ కాలేదు. ఆ తర్వాత కూడా అంజనాబాయి నాతో మర్యాదగానే మాట్లాడింది, తక్కువ మాట్లాడింది.

ఆ తర్వాత సర్వీసులో ఇలాంటి ఫోటోలు చాలా వచ్చాయి. కల్పితమని తేల్చడం నాకు ప్రతిసారీ సులభంగానే ఉండేది. ఫోటో అబద్ధమైతే ఫోటో ఒక్కటే అబద్ధమైనట్టు. తీసినవాడు ఏం చూశాడన్నది వేరే విచారణ. ఆ రెండో విచారణ పూర్తయ్యేదాకా ఎవరినీ చేనులోకి పంపకూడదు.