కర్రీ పాయింట్ మూసేసిన మర్నాడు

అమలాపురంలో ఓ ట్యూషన్ సెంటర్ మేడ మీద నెలకో ఆదివారం కొందరం కలుస్తాం. వ్యాపారం పెట్టాలనుకునేవాళ్లు తమ ఆలోచన చెబుతారు, మిగతావాళ్లం మంచిచెడ్డలు చెప్పాలి. భర్త మంచాన పడ్డాక వరలక్ష్మిగారు కర్రీ పాయింట్ పెడతానన్నప్పుడు అందరం "ఆయ్, చాలా బాగుందండి" అన్నాం.

ఇవాళ ఆవిడ గిన్నెడు పనసపొట్టు కూర వండి తెచ్చారు. మళ్లీ మళ్లీ వడ్డించుకుని తిన్నాం.

"ఇంత ఇష్టంగా తింటున్నారు కదండీ, కొట్టు తీసిన ఆర్నెల్లలో మీలో ఒక్కరూ రాలేదేంటండి?" అని మెల్లగా అడిగారావిడ. "నిన్న మూసేశానండి."

చేతిలో కూర పొట్లం చూస్తే ఇరుగుపొరుగువాళ్లు మా ఇంట్లో పొయ్యి వెలగలేదనుకుంటారని, నేనైతే ఆ వీధే మానేసి చుట్టూ తిరిగి వెళ్లేవాణ్ణి. కొననని నాకు మొదటి రోజే తెలుసు. చెబితే ఆవిడ నొచ్చుకుంటారని ఊరుకున్నాను. మా గోదావరి మర్యాద అలాంటిది మరి!

గిన్నె సర్దుకుంటూ, "ఉప్పు సరిపోయిందాండి?" అన్నారు. కాస్త ఎక్కువైంది.

"చాలా బాగుందండి" అన్నాను.

మీరైతే ఏమనేవారు?