గంగులు ముక్కు

గంగులు చెయ్యి పడిన పడవని భావనపాడులో ఎవరైనా ఇట్టే గుర్తుపట్టేస్తారు. మిగతా పడవలన్నీ ఒడ్డున బుద్ధిగా పడుకునుంటే, అతను బాగుచేసినవి మాత్రం ఎవరితోనో తగువేసుకున్నట్టు మూతి పైకెత్తుకుని ఉంటాయి. దానికి ‘గంగులు ముక్కు’ అని పేరు. పగిలిన అడుగుకి అతుకు వెయ్యమని తెచ్చినా సరే, అడక్కుండానే ముక్కు మీద ఫైబరు పొరలు అదనంగా వేసి కాస్త లేపి పంపుతాడు. వద్దన్నవాడి పడవ ముట్టుకోడు.

కారణం ఊరందరికీ తెలుసు. అతని తమ్ముడు చినబాబు ఒక పొద్దున్న వేటకి పోతూ, ఇంకా ఒడ్డు కనిపిస్తూండగానే పోయాడు. పడవ ముక్కు కెరటంలోకి గుచ్చుకుని బోల్తా కొట్టింది. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. అప్పట్నించి కిందికి వంగిన ముక్కేది చూసినా గంగులుకి భయం. ఆడది భయపడితే పిరికిదంటారు. మగాడు భయపడితే పనిమంతుడంటారు. గంగులుకీ ఊళ్ళో పనిమంతుడనే పేరు.

అలాంటివాడి కూతురు పోయి పోయి రేసు కారు ఎక్కింది.

తులసి విజయనగరంలో ఇంజనీరింగు చదువుతోంది. అక్కడి పిల్లలు సొంతంగా ఒక కారు కట్టారు. కారంటే కారూ కాదు. ఇనప గొట్టాల పంజరానికి నాలుగు చక్రాలు, వీపున మోటారుసైకిలు ఇంజను, నెత్తిన కప్పయినా లేదు. దాంతో ఏడాది పొడుగునా వేరే కాలేజీలతో పందేలు. జట్టుకి పెద్ద ప్రమోద్, విజయనగరంలో స్టీలు సామాన్ల కొట్టువాళ్ళబ్బాయి. తోలేది తులసి. బక్కపిల్ల, బరువు తక్కువని ఆ సీటు దానికిచ్చారు.

మొదటి పందెంలో మలుపు తిరగ్గానే తోక జారి కారు బొంగరమైపోయింది. అందరికన్నా ఆఖర్న వచ్చారు. వెనక చక్రాలకి నేల పట్టు చాల్లేదు, వెనక రెక్క పెట్టాలన్నారు. రేకుతో పెడితే ఊడిపోయింది. అప్పుడు తులసికి తండ్రి గుర్తొచ్చాడు. ప్రమోద్‌ని వెంటేసుకుని తిన్నగా ఒడ్డు మీద అతని ఫైబరు పాకకి వచ్చింది.

"ఇమానానికి రెక్కలంటే అర్దమున్నాది. కారుకేటే అమ్మీ, ఎగురుతాదేటి?" అన్నాడు గంగులు.

"ఎగరకుండా ఉండడానికే నాన్నా. ఇమానం రెక్కని తిరగేసి పెట్టినట్టుంటాది. జోరుగా పోతన్నప్పుడు గాలి దాన్ని కిందికి తొక్కుతాది. తొక్కితే సక్రాలు నేలని వొగ్గవు."

"గాలి తొక్కడమేటి!"

"గాలి పడవల్నే తిరగేసేస్తాది గదా. కారుని తొక్కలేదేటి?"

ఆ మాటతో గంగులు పనిలో పడ్డాడు. ఏనుగెక్కి తొక్కినా విరగని రెక్క చేసిచ్చాడు. రెండో పందేనికి దాన్ని బిగించారు. తోక జారడం మానేసింది.

దాంతో కొత్త రోగం పట్టుకుంది. వెనకని గాలి తొక్కి పట్టుకుంటే ముందు తేలికైపోయింది. స్టీరింగు తిప్పినా కారు వినకుండా తిన్నగా పోయేది. ఈసారి కిందనించి రెండో స్థానం. అదే పెద్ద పండగలా పిల్లలు గంతులేశారు గానీ, ముందు కూడా రెక్క పెట్టక తప్పదని తేలింది.

ముందు రెక్క చేసేటప్పుడే గంగులు మనసు ఎదురు తిరిగింది. దానికి అటూ ఇటూ పలకలు, ఒక్కో పలకకి మూడేసి కన్నాలు. బోల్టు పై కన్నంలో బిగిస్తే ముందంచు పైకి లేస్తుంది, కింద కన్నంలో బిగిస్తే నేలకేసి వంగుతుంది.

"మనకి కావలసింది కింద కన్నం," అంది తులసి.

"ముక్కు కిందికా?"

"కిందికే. వంగితేనే గాలి ముందుని తొక్కుతాది."

"ఒద్దమ్మీ. కాస్త ఎత్తీ."

"నాన్నా, ఇది సముద్రం కాదు."

"నేల మింగదేటి?"

చేపల గంప దించుకుంటున్న భార్య రాణి కసిరింది. "మావా, పిల్ల సదువుకున్నాది. నీ ముక్కు గోల దానికంటించకు."

మూడో పందెం చీపురుపల్లి దాపున, మూతపడిన మిల్లు ఆవరణలో. మనుషులు పోయాక చాలా ఏళ్ళకి పిల్లల కేకలు పడిన చోటు అది. పొడుగాటి సిమెంటు దారి, దాని చివర ఎడమకి మలుపు. మలుపు దాటితే మిల్లు గోడ. గోడకి ఆనించి పాత టైర్లు పేర్చారు. టైర్ల మీద కాకులు వరసగా కూర్చుని ఉన్నాయి, ఎంత తోలినా లేవవు.

గంగులుతో పాటు పందెం చూడ్డానికొచ్చిన రాణి కొత్త రెక్కకి నిమ్మకాయా మిరపకాయలూ కట్టబోయింది.

"వద్దాంటీ, గాలి పాడవుతుంది," అన్నాడు ప్రమోద్.

"సెడ్డ గాలి సోకుతాదనే గదా బాబూ కడతన్నాను!"

అందరూ నవ్వారు. గంగులు నవ్వలేదు. అతను ఆ కాకుల్నే చూస్తున్నాడు.

పందెంవాళ్ళు వచ్చి కారు తనిఖీ చేసి పోయారు. ప్రమోద్ తన కళ్ళతో బోల్టులు చూసుకున్నాడు. పిల్లలు టిఫిన్లకి పోతూ, "అంకుల్, కాస్త కారు చూస్తూండండి," అన్నారు. రాణి కూడా కూతురికి వడ్డించడానికి పోయింది.

గంగులు ఒక్కడే కారు ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. ఎదట వంగిన ముక్కు. ముందంచు సిమెంటుని నాకుతున్నట్టుంది. ఎంత సేపని చూస్తాడు? పానా పక్కనే ఉంది. బోల్టులు విప్పాడు, పై కన్నంలో పెట్టి బిగించాడు, మసి చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు.

తులసి ముందుగా ఒక చుట్టు తిప్పి తెచ్చింది.

"ముక్కు తేలిపోతన్నాది ప్రమోద్."

"టైర్లు వేడెక్కలేదు. రెండు చుట్లు తిరిగితే అదే సర్దుకుంటుంది."

తులసి తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, దేన్నయినా ముట్టుకున్నావేటి?"

"నానేటి ముట్టుకుంటాను?"

మాట నోరు జారిపోయింది. పోనీ, ఇప్పటికైనా నిజం చెబుదామా అనుకున్నాడు. చెబితే బోల్టు మళ్ళీ కిందికి దిగుతుంది. ఎత్తిన ముక్కు మనిషిని చంపడం అతను పుట్టాక చూళ్ళేదు. ఊరుకున్నాడు. తులసి హెల్మెట్ పెట్టుకుంది.

జెండా ఊపారు. మొదటి మలుపులు నెమ్మదైనవి కాబట్టి కారు చెప్పినట్టే విన్నది. పొడుగు దారిలోకి వచ్చింది. జోరందుకుంది. అతని ముందునించి దూసుకుపోయింది, ముక్కెత్తుకుని, అచ్చం అతని పడవ కెరటమెక్కుతున్నట్టే. ఒక్క క్షణం గంగులు ఛాతీ ఉబ్బింది.

మలుపు దగ్గర ముందు చక్రాలు ఎడమకి తిరిగాయి. పూర్తిగా తిరిగాయి, అంత దూరం నించీ కనిపించింది. కారు మాత్రం తిరగలేదు.

కాకులన్నీ ఒక్కసారే లేచాయి.

గంగులు పరుగెత్తి చేరేసరికి పిల్లని బయటికి లాగి పడుకోబెట్టారు. కుడి చెయ్యి ఉండకూడని వంకరలో ఉంది. పెదవి చిట్లి రక్తం కారుతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి.

"టైర్లు... టైర్లే తులసీ..." అంటూ ప్రమోద్ ఏడుస్తున్నాడు.

"టైర్లు కాదు. బోల్టు ఏ కన్నంలో ఉన్నాదో సూడు."

టైర్ల కుప్పలోంచి ముక్కు బయటికి పొడుచుకొచ్చి ఉంది. ప్రమోద్ వంగి చూసి అలాగే ఉండిపోయాడు. "పొద్దున్న కింద కన్నంలోనే కదా..."

"నానే ఎత్తినాను," అన్నాడు గంగులు.

రాణి మొగుడి మొహంలోకి చూసింది. "నీ తమ్ముణ్ణి సముద్రం అట్టుకుపోనాది మావా. దీన్ని నువ్వే అట్టుకుపోదువు."

అంబులెన్సు ఎక్కిస్తుంటే తులసి సైగ చేసి తండ్రిని దగ్గరికి పిలిచింది. "పై రెండు కన్నాలూ పూడ్సీ నాన్నా. నువ్వే పూడ్సాల. సెయ్యి బాగవగానే తోలేది నానే."

రెక్క పాకకి వచ్చింది. చిన్న గీత తప్ప దానికి ఏమీ కాలేదు. గంగులు గమ్ములో అది గట్టిపడే మందు కలిపాడు. కలిపిందాన్ని ఎక్కువసేపు ఉంచకూడదు, మగ్గులోనే వేడెక్కి రాయైపోతుంది. చేతిలో పట్టుకుని కూర్చునేసరికి అలాగే అయిపోయింది. పారేసి మళ్ళీ కలిపాడు. అదీ రాయయింది. మళ్ళీ కలుపుతుంటే గుమ్మంలో నీడ పడింది. మెడకి వేలాడేసిన కట్టుతో తులసి వచ్చి నిలబడింది. మగ్గు వైపే చూస్తోంది.

గంగులు కన్నాలు పూడ్చాడు. పైన ఫైబరు పరిచి బుడగలు లేకుండా నొక్కాడు, ఎప్పటిలాగే శుభ్రంగా. అది చూస్తుండగానే గట్టిపడిపోయింది. ఇక ఆ ముక్కు ఎత్తడం ఎవరి తరమూ కాదు. అతని తరమూ కాదు.