ఫుల్‌హ్యాండ్స్ మాస్టారు

ఆ టైలరు మాస్టారి చేత పొట్టి చేతుల చొక్కా కుట్టించుకున్న మగాడు ఆ వీధిలో ఇంకా పుట్టలేదు. ఎంత గట్టిగా చెప్పినా, ఎన్ని ఒట్లు వేయించుకున్నా, చివరికి చేతికొచ్చేది మణికట్టు దాకా దిగి, కఫ్ బిగించి, గుండీ పెట్టిన నిండు చేతుల చొక్కాయే. అందుకే ఆయన అసలు పేరు జనం ఎప్పుడో మరిచిపోయి ఫుల్‌హ్యాండ్స్ మాస్టారు అనడం మొదలుపెట్టారు. పనితనంలో వంక పెట్టడానికి లేదు. ఉన్నదల్లా ఒకటే, మాస్టారికి దోమలంటే భయం. అలాంటిలాంటి భయం కాదు, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బతికేంత భయం.

ఒకసారి కాలేజీ లెక్చరరు ఒకాయన కొత్త చొక్కా తొడుక్కుని, అద్దంలో చూసుకుని నీరుగారిపోయాడు.

"మాస్టారూ, హాఫ్ హ్యాండ్స్ అన్నాను కదండీ."

"అన్నారు. నేనూ విన్నాను."

"మరి?"

"మడత పెట్టుకోండి బాబూ. ఉన్న చెయ్యి ఎప్పుడు కావాలంటే అప్పుడు మడుచుకోవచ్చు. లేని చెయ్యి, దోమ వచ్చాక దింపుకోమంటే ఎక్కణ్ణించి దింపుతారు?"

లెక్చరరు చొక్కా చేతులు మడుచుకుంటూ వెళ్లిపోయాడు. మళ్లీ ఆ కొట్టు మెట్టు ఎక్కితే ఒట్టు. ఇలా గిరాకీ ఒక్కొక్కటే జారిపోతుంటే, కౌంటరు వెనక కాజాలు కుట్టే కూతురు తల పట్టుకునేది. ఇంట్లో అందరూ ఆమెను అమ్మడు అంటారు. కొట్టు మూతపడుతుందేమోనని అమ్మడు బెంగ. కొట్టు తలుపు తెరిచి ఉందేమోనని మాస్టారి బెంగ.

తన విషయంలో మాస్టారు ఇంకా కట్టుదిట్టం. మండుటెండలో కూడా మెడకి మఫ్లరు, కాళ్లకి మేజోళ్లు, వాటిలోకి దోపిన ప్యాంటు అంచులు. కుట్టుమిషను మీద కూడా ఒక దోమతెర వేలాడదీసుకుని, అందులో కూర్చుని కుట్టేవారు. కొత్తగా వచ్చినవాళ్లు లోపల ఎవరో పేషెంటు ఉన్నారనుకుని గొంతు తగ్గించి మాట్లాడేవారు. మాస్టారి ముంజేయి ఎలా ఉంటుందో కన్నకూతురికే తెలియదు.

ఇంకో చిక్కు ఏమిటంటే కొలతలు తీసేటప్పుడు ఆయన చేతులు ఊరుకునేవి కావు. ఒకరోజు ఇన్‌స్పెక్టరుగారు యూనిఫారం కుట్టించుకుందామని వచ్చి, వీపు తిప్పి నిలబడ్డారు. మెడ మీద ఫెడీమని దెబ్బ పడింది.

"దోమ సార్," అన్నారు మాస్టారు.

"దొరికిందా?"

"తప్పించుకుంది సార్."

ఇన్‌స్పెక్టరు మెడ రుద్దుకుంటూ నిట్టూర్చారు. "మా దగ్గరా అంతే మాస్టారూ. కొలతలు కానివ్వండి."

ఇంట్లో దోమ కుట్టిందంటే ఇక పెద్ద హడావిడి. గోకనిచ్చేవారు కాదు. గోకితే పుండు పడుతుందని గుడ్డ పీలిక చల్లటి నీళ్లలో తడిపి వేసేవారు. ఆ తర్వాత దద్దురు చుట్టూ, బట్టల మీద గీతలు గీసే సుద్దతో సున్నా చుట్టేవారు. మర్నాటికి వాపు ఆ సున్నా దాటిందో లేదో చూడాలట. తల్లీ కూతుళ్లు చేతినిండా సున్నాలతో బజారుకి వెళ్లొచ్చేవాళ్లు. ఒకసారి మాస్టారి చెల్లెలు చూసి నోరు నొక్కుకుంది.

"అదేంటి వదినా, చేతుల మీద ఈ సున్నాలేంటి?"

"మీ అన్నయ్య నాకేసిన మార్కులమ్మా," అంది మాస్టారి భార్య.

మాస్టారి లెక్కలో దోమలకి సెలవంటూ లేదు. "పగలు కుట్టే జాతి వేరు, పొద్దుగూకాక కుట్టే జాతి వేరు. షిఫ్టులేసుకుని మరీ వస్తాయే," అనేవారు. చీకటి పడే వేళకి మాత్రం రెండు షిఫ్టులూ కలుస్తాయని ఆయన నమ్మకం. అందుకని సూర్యుడు వాలకముందే కొట్టు కట్టేసి, ఇంటికొచ్చి, తలుపులు బిడాయించేవారు. ఇంట్లో ప్రతి మంచానికీ ఒక తెర, పెట్టెలో దానికి మారు తెర, చుట్టాలొస్తే ఉంటుందని ఇంకొకటి. ఊళ్లో దోమలన్నీ తన ఇంటి అడ్రసు రాసుకుని బయల్దేరతాయన్నట్టు ఉండేది ఆ ఏర్పాటు.

ఆ ఏడు వానలు దంచికొట్టాయి. కాలవలు నిండి, ఖాళీ స్థలాలన్నీ మడుగులై, వీధిలో జ్వరాలు మొదలయ్యాయి. అప్పటిదాకా మాస్టారిని చూసి నవ్విన నోళ్లు మూతపడ్డాయి. ఎదురింటి డ్రైవరుని ఆస్పత్రిలో చేర్చారు. రెండిళ్ల అవతల ముసలాయన ఆస్పత్రికి వెళ్లి తిరిగి రాలేదు. ప్లేట్‌లెట్లు పడిపోయాయన్న మాట పాలవాడి నోట కూడా వినిపించసాగింది. సాయంత్రమయ్యేసరికి ఇళ్ల తలుపులన్నీ చప్పున మూసుకునేవి. మాస్టారి వెర్రి ఇప్పుడు వీధికంతటికీ పట్టింది. అమ్మడికి కూడా చెవి దగ్గర గుయ్యిమంటే గుండె ఝల్లుమనేది.

సరిగ్గా అప్పుడే ఆస్పత్రి పెద్ద నర్సమ్మ కొట్టుకి వచ్చింది. వెంట కొలతల కోసం ఒక చిన్న నర్సు. కొత్త నర్సులందరికీ యూనిఫారాలు కుట్టాలట. అంత పెద్ద పని ఆ కొట్టుకి వచ్చి ఏళ్లయింది.

"చేతులు మోచేతి పైకే ఉండాలి మాస్టారూ. పేషెంటుని ముట్టుకున్నప్పుడల్లా మోచేతుల దాకా కడుక్కోవాలి మేము. మీ సంగతి విన్నాను. పొడుగు చేతులు పెట్టారో, మొత్తం మూట తిప్పి పంపిస్తాను."

మాస్టారి మొహంలో నెత్తురుచుక్క లేదు. "జ్వరాల వార్డులో కూడానా అమ్మా?"

"ముఖ్యంగా అక్కడే."

చిన్న నర్సు చెయ్యి చాపి నిలబడింది. మోచేతి దాకా ఎర్రటి దద్దుర్లు. మాస్టారు టేపు పట్టుకుని వాటికేసే చూస్తూ ఉండిపోయారు. నర్సులు వెళ్లాక అమ్మడు తండ్రికి ఎదురుగా నిలబడింది.

"నాన్నా, ఈ పని చెడిందంటే మనం కొట్టు మూసుకోవాల్సిందే. నా మీద ఒట్టేసి చెప్పు."

"పెట్టనులే. చొక్కాలకి చేతులు పెట్టను," అన్నారాయన నీరసంగా.

మాట తప్పలేదు. కానీ కత్తెర మోచేతి దగ్గర ఆగినప్పుడల్లా, ఆ చెయ్యేదో తనదే అన్నట్టు బాధపడేవారు.

ఆ వారంలోనే ఇంట్లో దొంగతనాలు మొదలయ్యాయి. మొదట పెట్టెలోని మారు తెర కనిపించలేదు. తర్వాత చుట్టాల తెర. ఆ తర్వాత కుట్టుమిషను మీది తెర.

"వెండి గ్లాసు పక్కనే ఉందే. దాన్ని ముట్టుకోలేదు. తెరొక్కటే పట్టుకుపోయాడు," అంది తల్లి. "ఈ దొంగెవడో గాని, వాడూ మీ నాన్న బాపతే."

చివరికి మాస్టారి మంచం మీది తెర కూడా మాయమైంది. అడిగితే ఉతకడానికి ఇచ్చానన్నారు. ఆ జ్వరాల రోజుల్లో, తెర లేకుండా, దుప్పటి తలకీ కాళ్లకీ చుట్టబెట్టుకుని బట్టల మూటలా పడుకున్నారు. అంతకంటే వింత ఇంకొకటి ఉంది. పొద్దు వాలేసరికి తలుపులు బిడాయించే మనిషి, సరిగ్గా ఆ వేళకే బయటికి వెళ్లడం మొదలుపెట్టారు. ఎక్కడికని అడిగితే గుండీల కోసం అనేవారు. యూనిఫారాలకి గుండీలు అప్పటికే అమ్మడు తెచ్చి పెట్టింది.

పక్క కొట్టు మంగలి గుట్టు విప్పాడు. "మీ నాన్న రోజూ సాయంత్రం ఆస్పత్రి గేటులోకి పోతున్నాడమ్మా. ఒంట్లో బాగాలేదా ఏంటి?"

ఆస్పత్రి బోర్డు కనిపిస్తే ఎదుటి పేవ్‌మెంటు మీదికి దాటిపోయే మనిషి లోపలికి వెళ్తున్నాడంటే అర్థం ఒక్కటే. జ్వరం వచ్చింది, తమ దగ్గర దాస్తున్నాడు. తెర తీసేసింది కూడా, ఎలాగూ వచ్చేసింది కదా ఇంక దేనికని. మర్నాడు అమ్మడు కాఫీ ఇచ్చే నెపంతో నుదురు తాకి చూసింది. చల్లగానే ఉంది. కానీ జ్వరం విడిచి విడిచి వస్తుందని చెప్పింది ఆయనే. తల్లికి చెబితే ఆవిడ ఇల్లు పీకి పందిరేస్తుంది. అమ్మడు నోరు కుట్టేసుకుని, కాజాలు వంకరగా కుడుతూ, రోజంతా తండ్రి దగ్గితే ఉలిక్కిపడుతూ గడిపింది. ఇన్నాళ్లూ ఆయన భయాన్ని చూసి నవ్వినందుకు ఆమెకి ఏడుపొచ్చింది.

యూనిఫారాలు ఇవ్వాల్సిన రోజు సాయంత్రం చూస్తే, అన్నీ ఇస్త్రీ చేసి బల్ల మీద ఉన్నాయి. అన్నీ పొట్టి చేతులే. మాస్టారు మాత్రం లేరు. అమ్మడు మూట నెత్తికెత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తింది. వరండాలో ఆ చిన్న నర్సు ఎదురైంది.

"మా నాన్నది ఏ మంచం?" అంది అమ్మడు రొప్పుతూ.

"మంచమా? ఆయనకి మంచమెందుకండీ? స్టూలు మీదున్నారు."

జ్వరాల వార్డు గుమ్మంలో అమ్మడు ఆగిపోయింది. వరసగా మంచాలు, వాటి మీద ఎండుటాకుల్లా మనుషులు. కిటికీలన్నిటికీ దోమతెరలు. తెల్లది పెట్టెలోది. నీలంది చుట్టాలది. మూల అతుకున్నది నాన్న మంచానిది. ప్రతి తెరకీ అంచు మడిచి, కఫ్ బిగించి, కాజాలు కుట్టి, గుండీలు పెట్టి ఉన్నాయి. నర్సులు కిటికీ తీయాలంటే గుండీ విప్పుకుంటే చాలు. చివరి కిటికీ దగ్గర స్టూలెక్కి మాస్టారు కుట్టుమిషను మీది తెర బిగిస్తున్నారు. ఆ వార్డులో పని చేసేవాళ్లెవరైనా మోచేతుల దాకా కడుక్కోవాల్సిందేనట. అందుకని ఆస్పత్రివాళ్లు ఆయనకి ఒక పొట్టి చేతుల కోటు తొడిగారు. అమ్మడు పుట్టి బుద్ధెరిగాక తండ్రి ముంజేతులు చూడటం అదే మొదటిసారి. తెల్లగా, సన్నగా, నిండా, కడుక్కున్నాక మళ్లీ గీసుకున్న సుద్ద సున్నాలతో ఉన్నాయి.

"నాన్నా, నీకు జ్వరం లేదూ?"

"నాకెందుకే జ్వరం?" అని వెనక్కి తిరిగిన మాస్టారు కంగారుపడ్డారు. "నువ్వెందుకొచ్చావిక్కడికి? ముందు ఆ చేతులు కప్పుకో."

అమ్మడు మూట కిందపడేసి, అక్కడే గోడకి చేరగిలబడి, ఏడుస్తూ నవ్వింది. మాస్టారు తప్పు చేసి దొరికిపోయినవాడిలా స్టూలు దిగారు.

"నేను మాట తప్పలేదే. చొక్కాలకి చేతులు పెట్టొద్దన్నారు, పెట్టలేదు. గదికి పెట్టొద్దని ఎవరూ అనలేదుగా."

"నీకు భయమేయట్లేదా ఇక్కడ?"

"వేయకేం? గేటు దగ్గరే కాళ్లు చచ్చుబడతాయి. కానీ ఈ నర్సు పిల్ల చెయ్యి చూశావుగా. మంచం మంచానికీ పరిగెత్తడమే సరిపోతోంది, భయపడే తీరిక కూడా లేదు దానికి. నాకైతే అలవాటైన పనేగా. అందుకని దాని భయం కూడా నేనే పడుతున్నా."

ఇంతలో పెద్ద నర్సమ్మ వచ్చింది. యూనిఫారాలు ఒక్కొక్కటీ విప్పి చేతులు చూసి, తృప్తిగా తల ఊపింది. తర్వాత మాస్టారి వైపు తిరిగింది.

"మాస్టారూ, అవతల పిల్లల వార్డు కూడా ఉంది. అడగాలంటే మొహమాటంగా ఉంది. కిటికీలు ఇంకా పెద్దవి. బట్ట మేమిస్తాం."

"పిల్లలా?" అన్నారు మాస్టారు. "అక్కడ దోమలు..."

"ఎక్కువే. కిటికీ కిందే కాలవ."

మాస్టారు స్టూలు మీద కూలబడ్డారు. కాలవా, అని తనలో తనే అనుకున్నారు. మొహమంతా చెమట పట్టింది. కోటు అంచుతో తుడుచుకుని, లేచి, మెడలోంచి టేపు తీశారు.

"వెలుతురుండగానే కొలిచేద్దాం. నడువమ్మడూ."

పిల్లల వార్డు కిటికీ అవతల కాలవ నల్లగా ఉంది. దాని మీద దోమలు మబ్బులా ముసిరి గుయ్యిమంటున్నాయి. మాస్టారు కిటికీ ముందు నిలబడి, చేతులు బార్లా చాపి, చట్రం ఈ కొస నుంచి ఆ కొసకి టేపు లాగి పట్టుకున్నారు. కళ్లు మాత్రం గట్టిగా మూసుకున్నారు.

"కళ్లు మూసుకుంటే కొలతెలా తెలుస్తుంది నాన్నా?"

"అంకె నువ్వు చదివి చెప్పు," అన్నారు మాస్టారు. "త్వరగా చదువు."