ఉత్తగనే నడిచిన సేటు

మా బాపుకు జీవితంలో ఇద్దరే శత్రువులు. ఒకటి ఉప్పు, రెండోది మొహమాటం. ఉప్పును నేను ఎలాగో కట్టడి చేశాను. మొహమాటం ముందు మాత్రం నేనే కాదు, చేవెళ్ల దవాఖాన డాక్టరు కూడా చేతులెత్తేశాడు.

తెలంగాణ ఉద్యమం మొదలై నగరంలో కాలేజీలు మూతపడ్డ రోజులవి. బీయే చదువుతున్న నేను ట్రంకు పెట్టె సర్దుకుని మొయినాబాద్‌కు వచ్చి పడ్డాను. మాది రోడ్డు మీద కిరాణా దుకాణం, దాని వెనకే ఇల్లు. బాపు వచ్చి కూర్చుంటే వెనకున్న బస్తాలు కనిపించేవి కావు. ఆయన లావు చూసి ఊరంతా ముచ్చటపడేది. సేటంటే అట్లనే ఉండాలె అనేవాళ్లు. సన్నగా ఉన్న సేటు తూకం మీద వాళ్లకు నమ్మకం కుదరదట!

అలాంటి మనిషి ఒకరోజు కళ్లు తిరిగి బియ్యం బస్తా మీద కూలబడ్డాడు. అమ్మా నేనూ బస్సెక్కించి చేవెళ్లకు తీసుకుపోయాం. డాక్టరు చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టాడు. దించి మళ్లీ కొట్టాడు. కళ్లద్దాలు తీశాడు.

“మీ ఇంట్ల ఇంకెవరికన్న ఉన్నదా బీపీ?”

“మా అన్నకు ఉండె సార్. నా ఈడుకే దుకాణంల తూకం వేసుకుంట పడిపోయిండు. లేపేటాళ్లకు పానం లేదు,” అన్నాడు బాపు, ఎవరి సంగతో చెప్తున్నట్టు.

“మీరు కూడ గట్లనే పోతరు. ఉప్పు బంద్, తొక్కు బంద్, నూనెల వేంచినవి బంద్. బరువు తగ్గాలె. రోజు నడవాలె, రోజు పొద్దుగాల మాత్ర ఏసుకోవాలె.”

“అట్లనే సార్,” అన్నాడు బాపు నవ్వుతూ. ఆయన ఎవరికైనా చెప్పే జవాబు అదొక్కటే. బస్టాండుకు వచ్చేసరికి అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ఆమెను ఓదార్చడానికి బాపు మిరపకాయ బజ్జీలు కొన్నాడు. ఆమె ముట్టలేదు. పారెయ్యడానికి మనసొప్పక అన్నీ తానే తిన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ రోజే ఉప్పు డబ్బా తీసుకెళ్లి నా ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేశాను. ఇక వంటింటి పెత్తనం నాది. జొన్నరొట్టె, చప్పటి పప్పు, ఉడకేసిన సొరకాయ, పలుచటి మజ్జిగ. బాపు సొరకాయ ముక్క నోట్లో పెట్టుకుని, చావు కబురు విన్నవాడిలా మౌనంగా నమిలేవాడు. ఒక్క మాట తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది. “మంచిగున్నది బిడ్డా” అనేవాడు. ఆ అబద్ధానికి నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేవి. దుకాణంలో పల్లీలు, పుట్నాలు, కారప్పూస ఉన్న సీసాలను ఆయన చెయ్యి అందని పై అరకు ఎక్కించాను. గిరాకీలు వాటిని దింపుకుని, “మీరు కూడ జర తినుండ్రి సేటూ” అని ఆయన చేతిలోనే గుప్పెడు పోసేవాళ్లు. వద్దంటే వాళ్లు నొచ్చుకుంటారని ఈయన బాధ.

నడక సంగతైతే ఇంకా అన్యాయం. మా దగ్గర మనిషి నడుస్తున్నాడంటే ఎక్కడికో పోతున్నట్టే లెక్క. ఎదురైన ప్రతివాడూ “ఎటు సేటూ?” అంటాడు. అది పలకరింపే, అయినా జవాబు చెప్పకుండా పోతే బాగుండదు. మొదటి రోజు పొద్దున్నే బాపు చెప్పులేసుకుని ఎంకపల్లి వైపు బయలుదేరాడు. మలుపు తిరగ్గానే ఎడ్లబండి ఆగింది.

“ఎటు సేటూ?”

“ఉత్తగనే.”

“ఉత్తగనే ఎందుకు నడుస్తరు? ఎక్కుండ్రి.”

ఎక్కాడు. బండి దిగి ఇంటి వైపు తిరగ్గానే సైకిల్ ఆగింది. దాని మీదా ఎక్కాడు. ఆ సైకిల్ వెనక చక్రం పడుతున్న అవస్థ చూసి నేను గుమ్మంలో తల పట్టుకున్నాను. ఆ పొద్దు మంచి వ్యాయామం జరిగిన మాట నిజమే, కానీ అది తొక్కినవాడికి.

ఇక ‘ఉత్తగనే’ అన్న ఆ మాట బాపు కంటే చాలా దూరం నడిచింది. సేటు పనీపాటా లేకుండా తిరుగుతున్నాడన్నారు. ఇంట్లో తిండి పెట్టడం లేదన్నారు. మొగుడూ పెళ్లాలకు పడటం లేదన్నారు. బిడ్డ పట్నంలో చదివి వచ్చి తండ్రిని ఉప్పు కూడా ముట్టనివ్వడం లేదన్నారు. ఈ చివరిది నిజమే కాబట్టి మిగతావి కూడా జనం నమ్మారు. కబురు షాబాద్ దాకా పోయింది. అక్కడినుంచి అమ్మ తమ్ముడు, మా మామ, ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని పంచాయితీకి దిగాడు.

“బావా, మా అక్క తప్పుంటే చెప్పు. గీ ఈడుల ఇల్లిడిచి రోడ్లు పట్టుకుని తిరుగుడేంది?”

బాపు పొట్ట పట్టుకుని నవ్వాడు. అమ్మ మాత్రం తమ్ముణ్ని కొరకొరా చూసింది. బీపీ అని, డాక్టరు చెప్పాడని నేను విడమర్చి చెప్పాను. మామ కాసేపు ఆలోచించాడు.

“నడిస్తె రక్తం ఇంకింత ఉరకదా?” అన్నాడు.

పెద్దమనుషులు కూడా అదే అనుమానంతో నా వైపు చూశారు. వచ్చినవాళ్లకు చప్పటి సొరకాయ పెట్టలేం కదా! అమ్మ నా చేతిలోంచి ట్రంకు తాళంచెవి లాక్కుంది. పూరీలు పొంగాయి, ఆలుగడ్డ కూర ఘుమఘుమలాడింది, తొక్కు జాడీ మూత లేచింది. తాను తినకపోతే నిజంగానే ఇంట్లో లొల్లి ఉందనుకుంటారని బాపు వాళ్లకు తోడుగా కూర్చున్నాడు. తోడు కూర్చున్నవాడే అందరికంటే చివర లేచాడు.

మళ్లీ చేవెళ్లకు పోతే పాదరసం మునుపటికంటే పైకే ఎక్కింది. డాక్టరు ఈసారి బాపును ఏమీ అనలేదు, నన్ను తిట్టాడు. తిరుగు బస్సులో బాపు దారిపొడవునా కిటికీలోంచి బయటికే చూశాడు. మొదటిసారి నాకు నిజంగా భయమేసింది.

అప్పుడు వచ్చింది ఉద్యమం మా రోడ్డు మీదికి. బస్సులు బంద్, బండ్లు బంద్, దుకాణాలు బంద్. పొద్దున్నే బస్టాండు నుంచి ఊరేగింపు. బాపు దుకాణం తలుపులు మూసి అరుగు దిగేసరికి జనం ముంచుకొచ్చి ఆయన్నూ కలుపుకుపోయారు. ఇంటికి వచ్చేసరికి చొక్కా తడిసి ముద్దయింది, కళ్లు మెరుస్తున్నాయి.

“బిడ్డా, ఎటని ఒక్కడు కూడ అడుగలే! ఎక్కుమని అనలే!”

ఊరేగింపులో నడిచేవాణ్ని ఎటని ఎవరడుగుతారు? తెలంగాణ రావాలని మా ఇంట్లో అందరికీ ఉంది, అది వేరే సంగతి. కానీ మొయినాబాద్‌లో లావుపాటి మనిషి ఉత్తగనే నడిచే వీలు ఆ ఊరేగింపులోనే ఉందని మాకప్పుడు తెలిసొచ్చింది. ఆ రోజు నుంచి తండ్రీ బిడ్డలం పొద్దున్నే ఊరేగింపులో కలిసేవాళ్లం.

బాపు వెనకబడిపోతుంటే కుర్రాళ్లు మర్యాద కొద్దీ ఆయన్ని ముందు వరసలో పెట్టారు. దాంతో ఊరేగింపు మొత్తం ఆయన నడకకు తగ్గింది. నడిచేటప్పుడు మాట్లాడగలగాలి, ఆయాసం వస్తే ఆగాలి అని డాక్టరు నాతో చెప్పి ఉన్నాడు, అందుకే నేను పక్కనే ఉండి ఆయన చేత నినాదాలు ఇప్పించేదాన్ని. ‘జై’ అని గట్టిగా అని, ‘తెలంగాణ’ దగ్గర దమ్ము చాలకపోతే నేను చెయ్యెత్తేదాన్ని. అందరూ ఆగేవాళ్లు. రోడ్డు నడుమ ఆగితే అది రాస్తారోకో అయిపోయేది. మా బాపు ఊపిరి పీల్చుకోవడం కోసం బంద్‌ను లెక్కచెయ్యకుండా వచ్చిన లారీలు అటూ ఇటూ ఆగిపోతుంటే నాకు నవ్వు ఆగేది కాదు. ఎవరో పెద్ద నాయకురాలినని లారీ డ్రైవర్లు నాకు దండం కూడా పెట్టారు.

ధోవతి వదులైంది. సైకిళ్ల గొడవ పోయింది. సొరకాయలో కూడా రుచి ఉన్నదని ఒకరోజు తనంతట తానే అన్నాడు, ఈసారి అబద్ధం కాదు. ఊళ్లోవాళ్లు మాత్రం తెలంగాణ బెంగతో సేటు చిక్కిపోయాడని సర్కారును తిట్టిపోశారు.

ఒకరోజు పిండి జల్లించే పనిలో పడి నేను ఇంట్లో ఉండిపోయాను. ఆ రోజే పోలీసులు వచ్చి ముందు వరసను వ్యానెక్కించారు. ముందు వరసంటే మొదట మా బాపే. మా పక్క హోటలాయన వచ్చి బాపును చేవెళ్ల ఠాణాకు తీసుకుపోయారని చెప్పగానే అమ్మ గోడకు చేరగిలబడింది. గూట్లో బాపు ఆ పొద్దు వేసుకోని మాత్ర అట్లాగే ఉంది. దాన్ని పిడికిట్లో పట్టుకుని, బంద్‌లోనూ తిరిగే పాల వ్యాను ఎక్కాను. ఏ తోపులాటలోనో పడ్డాడేమో, పెద్దబాపులాగే ఎవరూ లేపేలోపు అయిపోతుందేమో అని దారంతా అనుకుంటూనే ఉన్నాను.

ఠాణా గేటు దగ్గర జవాను నన్ను ఎగాదిగా చూశాడు. “లావు సేటా? దవాఖానకు పోయిండమ్మా.”

ఎట్లా ఉరికానో నాకు తెలియదు. దవాఖాన లోపల జనం గుమిగూడి ఉన్నారు. తోసుకుంటూ పోయి చూస్తే, నడుమ స్టూలు మీద మా బాపు చెయ్యి చాపుకుని కూర్చున్నాడు. ఠాణాలో అందరినీ కాసేపు కూర్చోబెట్టి వదిలేశారట.

“సర్కారు బండెక్కిచ్చి ఇంత దూరం తెచ్చింది. బీపీ చూపిచ్చుకోకుండ ఎట్ల పోతం బిడ్డా?” అన్నాడు నన్ను చూసి.

డాక్టరు గాలి కొట్టాడు. కుర్రాళ్లందరూ పాదరసం వైపే ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ఆయన నమ్మకం కుదరనట్టు మళ్లీ కొట్టాడు.

“దిగింది. మంచిగనే దిగింది,” అన్నాడు.

దవాఖాన కప్పు ఎగిరిపోయేలా ‘జై తెలంగాణ’ అరిచారు కుర్రాళ్లు. డాక్టరు అందరినీ బయటికి తరిమాడు, తను కూడా నవ్వుతూనే. మాత్రలు మాత్రం మానొద్దని, నడక ఆపొద్దని నాకు మరీ మరీ చెప్పాడు.

వరండాలో నేను మాత్ర చేతిలో పెడితే, బాపు మింగి నీళ్ల గ్లాసు కిందపెట్టాడు.

“అన్న ఈడు వచ్చింది బిడ్డా నాకు. పండుకుంటె మళ్ల లేస్తనో లెవ్వనో అని ఇన్ని దినాలు కండ్లు మూయలే. మీ అమ్మకు చెప్పకు.”

రోజూ పొద్దున నేను లేపబోయేసరికి ఆయన మేలుకునే ఉండేవాడు. నడక మీద శ్రద్ధ అనుకుని ఎంత మురిసిపోయానో!

మర్నాడు యథాప్రకారం లేపడానికి పోయాను. నోరు తెరుచుకుని, ఇల్లదిరిపోయేలా గురక పెడుతున్నాడు. బయట ఊరేగింపు వచ్చి మా ఇంటి ముందు ఆగింది. కుర్రాళ్లు “సేటూ” అని పిలుస్తున్నారు. ఎండ ముఖం మీదికి వస్తోందని కిటికీ రెక్క మెల్లగా మూసి, వాకిట్లోకి వెళ్లి వాళ్లను నడవమన్నాను. ఆ పొద్దు బాపును నేను లేపలేదు.