వడమాలపేట లేత్‌కు లీడ్‌స్క్రూ కోసిన సంగతి

రెండు వేల పంతొమ్మిది, ఎండాకాలం. తిరుపతిలో రేణిగుంట రోడ్డు పక్క సందులో మా లేత్ షాపు. మా నాన్న, అదే మీ తాత దగ్గర పని నేర్చుకుని నేను మిషన్ మీద నిలబడటం మొదలుపెట్టి అప్పటికి ఇరవై ఏళ్లు దాటింది. నేను చెప్పేది రాసుకుంటున్నావు కదా తల్లీ, లేత్ అంటే తెలియనివాళ్లుంటారు, అదీ రాయి. ఇనుప కడ్డీని గిరగిరా తిప్పుతుంటే పక్కనుంచి టూల్ ఆనించి కోసే మిషన్ అది.

ఒకరోజు పొద్దున్నే వడమాలపేట నుంచి మునస్వామి వచ్చాడు. అక్కడ ఆయనకూ ఒక పాత లేత్ ఉంది. చెరకు గానుగల్లో రోలర్లు బిగించే స్క్రూలు చేస్తాడు. నాకంటే నాలుగైదేళ్లు చిన్న. ఆరడుగుల కడ్డీని గోనెపట్టాలో చుట్టి ఆటో మీద కట్టి తెచ్చాడు. అది ఆయన లేత్ లీడ్‌స్క్రూ. కడ్డీ మీద మరలు, అంటే స్క్రూ చుట్లు, కోసేటప్పుడు టూల్‌ను సరైన లెక్కలో జరిపేది అదే. అందులో తేడా ఉంటే కోసే ప్రతి మరలోనూ ఆ తేడా దిగుతుంది.

"నేను కోసిన స్క్రూకు నట్టు మూడు సుట్లు పోతాదక్కా, ఆడ పట్టేస్తాది," అన్నాడు. "గానుగోళ్లు తిప్పి పంపించేసినారు."

"ఎన్నాళ్లుగా?"

"ఉగాది ముందు నుంచి. నా సెయ్యి పోయిందంటా ఉండారు మా పిల్లోళ్లు. షాపు మూసేయమంటారు. నువ్వే సూసి సెప్పు. తప్పు స్క్రూదా, నాదా?"

చెయ్యి చాపి చూపించాడు. వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. నేను చూడనట్టు స్క్రూ వైపు తిరిగాను.

పని ఎక్కువగా జరిగే చక్ వైపు, అంటే కడ్డీని బిగించే వైపు, అడుగున్నర మేర మరలు అరిగి కత్తి అంచుల్లా ఉన్నాయి. రెండో చివర మాత్రం కొత్తదానిలా ఉంది. "తప్పు దీనిదేలే" అన్నాను. ఆయన అప్పుడు కూర్చున్నాడు. అంతసేపూ నిలబడే ఉన్నాడని నాకప్పుడు తెలిసింది.

బాగున్న చివర కొలిస్తే అంగుళానికి నాలుగు మరలు. కొత్త కడ్డీ మీద అదే లెక్కలో కోయడానికి రెండు రోజులు పట్టింది. అంత పొడవు కడ్డీ టూల్ తగిలితే వంగుతుంది. ఊగకుండా స్టెడీ అనే చట్రంతో పట్టి ఉంచాలి. వేడెక్కితే సాగుతుంది. అందుకని ఒక్కోసారి కోసి, చల్లారేదాకా ఆగాలి. ఒక్క చోట టూల్ జారితే కడ్డీ మొత్తం పోయినట్టే. మునస్వామి స్టూలు మీదనుంచి లేవలేదు. తెప్పించిన టీ చల్లారిపోయింది.

"శబ్దం మారినట్టుండాదే అక్కా."

"నువ్వు బయటికి పోయి కూసో నాయనా. నువ్విట్ల సూస్తా ఉంటే నా సేతులు గూడా వణుకుతాయి."

అనేశాక నాలుక కరుచుకున్నాను. ఆయన నవ్వాడు. "అట్లయితే ఇద్దరం ఒకేసారి మూసేద్దాంలే."

స్క్రూ బాగా వచ్చింది. తీసుకెళ్లాడు. మూడో రోజు ఫోన్ చేశాడు.

"బిగించినానక్కా. మళ్లా అదే కత."

"ఇంకోటి కోసి సూడు."

"మూడు కోసినా. స్క్రూ కొత్తది. ఇంక మిగిలింది నేనే గదా."

ఆ వణికే వేళ్లే కళ్లముందున్నాయి. "కొన్నాళ్లు రెస్టు తీసుకో మునస్వామీ" అన్నాను. ఆయన ఫోన్ పెట్టేశాడు.

మరుసటి రోజు షాపు ఊడుస్తుంటే గోడకు ఆనించిన ఆయన పాత స్క్రూ కనపడింది. చీపురు పక్కన పెట్టి దాన్ని మళ్లీ చూశాను. ఉక్కే ఇంత అరిగితే, దాన్ని పట్టుకుని నడిచేది ఎంత అరిగి ఉండాలి? దాన్ని హాఫ్‌నట్ అంటారు. లీవర్ వేస్తే రెండు ముక్కలు వచ్చి స్క్రూను కరుచుకుంటాయి. కంచులాంటి గన్‌మెటల్‌తో చేస్తారు, ఉక్కు కంటే మెత్తన. అది మిషన్ ముందు భాగంలో, అప్రాన్ అనే పెట్టె లోపల ఉంటుంది. విప్పడం పెద్ద పని. అందుకే ఆయన తేలేదు. తెలిసి కూడా నేను అడగలేదు.

ఫోన్ చేస్తే స్విచాఫ్. వడమాలపేట మీదుగా పోయే పుత్తూరు బస్సెక్కాను. దారంతా ఒకటే గుబులు. హాఫ్‌నట్ బాగుంటే? అప్పుడు తప్పు నీ చేతిదేనన్న మాట నా నోటితోనే చెప్పాలి.

షాపు షట్టర్ సగం దించి ఉంది. బయట ఆయన భార్య. "ఆయప్ప మిషన్ అమ్మేస్తాడంట అక్కా. సూసుకోను సాయంత్రం ఎవురో వస్తారు."

లోపలికి వంగి వెళ్లాను. "అప్రాన్ దించు మునస్వామీ."

"కొనేటాయన వస్తాడక్కా, ఇప్పుడెందుకు?"

"వచ్చేలోగా దించు."

ఇద్దరం కలిసి విప్పేసరికి మధ్యాహ్నం దాటింది. హాఫ్‌నట్ తీసి వెలుతురులో పెట్టాను. పళ్లు రేకులా పలచబడ్డాయి. కింద ముక్కలో రెండు విరిగే పోయాయి. లీవర్ వేసిన ప్రతిసారీ ఒక్కో చోట కూర్చుంటోంది, అందుకే మరలు తేడాగా పడుతున్నాయి. మునస్వామి దాన్ని చేతిలోకి తీసుకుని, విరిగిన చోట బొటనవేలితో రుద్దుతూ ఉండిపోయాడు. సాయంత్రం వచ్చిన మనిషిని ఆయన భార్య వాకిట్లోనుంచే పంపేసింది.

కొత్త హాఫ్‌నట్ చేసి నేనే తీసుకెళ్లి బిగించాను. ఆయన ఒక స్క్రూ కోశాడు. లీవర్ మీద చెయ్యి ఇంకా వణుకుతూనే ఉంది. కానీ లీవర్ పడ్డాక టూల్‌ను నడిపేది లీడ్‌స్క్రూనే, చెయ్యి కాదు. కోసినదాన్ని తుడిచి, నట్టు నా వైపు చాపాడు.

"నువ్వు ఎక్కించక్కా."

"నీ పని. నువ్వే ఎక్కించు."

నట్టు వేలితో తిప్పితే చివరిదాకా పోయింది. తీసి రెండో వైపునుంచి ఎక్కించాడు. అటూ పోయింది. ఇంకో కడ్డీ చక్‌లో పెట్టాడు.

ఇప్పుడు ఎవరు లీడ్‌స్క్రూ తెచ్చినా హాఫ్‌నట్ కూడా తెచ్చేదాకా పని మొదలుపెట్టను. విసుక్కుంటారు, విసుక్కోనీ. కానీ నేను నేర్చుకుంది అదొక్కటే కాదు. మిషన్ విప్పకముందే మనిషిని తప్పుపట్టాను. రెస్టు తీసుకో అన్న ఆ మాటను మునస్వామి ఇంతవరకూ ఎత్తలేదు. నేను మాత్రం అప్పటినుంచి ఏ పనివాడితోనూ ఆ మాట అనలేదు.